గ్రాఫిక్స్ ఎడిటింగ్ పీసీకి డ్రైవ్‌లు: ఏది కొనాలి, దేని మీద ఏం పెట్టాలి

గ్రాఫిక్స్ పనికి పీసీ బిల్డ్ చేసుకునేవాళ్లు ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డ్ గురించి వారాల తరబడి వీడియోలు చూస్తారు, స్టోరేజ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక టీబీ సరిపోతుందా రెండు టీబీ తీసుకోవాలా అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టేస్తారు. రోజంతా ఫొటోషాప్‌లోనో లైట్‌రూమ్‌లోనో కూర్చునేవాళ్లని విసిగించేది చాలాసార్లు ఈ డ్రైవే, ఫైల్ ఓపెన్ అవ్వదు, సేవ్ బార్ కదలదు, బ్రష్ వేస్తుంటే మధ్యలో సిస్టమ్ బిగుసుకుపోతుంది. పైగా ప్రాసెసర్ పోతే ఇంకోటి కొనుక్కుంటాం, డ్రైవ్ పోతే అందులో ఉన్న పని ఎక్కడ కొంటాం? అందుకే సైజు సంగతి తర్వాత, ముందు మీ దగ్గరున్న ఫైళ్లలో ఈరోజు చేతిలో ఉన్నవేవి, పని అయిపోయి ఊరికే పడున్నవేవి అని విడదీసి చూసుకోండి. స్పీడ్ కోసం పెట్టే డబ్బు మొదటివాటి మీద, సైజు కోసం పెట్టే డబ్బు రెండోవాటి మీద పెట్టాలి. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

మీ ఫైల్ అసలు బరువెంత

డిస్క్ మీద జేపెగ్ 10 ఎంబీ అని చూపిస్తుంది కదా, ఇంత చిన్నదానికి ఇంత హడావుడి ఎందుకు అనిపిస్తుంది, కానీ ఓపెన్ చేశాక ఆ కంప్రెషన్ ఉండదు. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000 బై 4000, మొత్తం 2 కోట్ల 40 లక్షల పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చానెల్స్, 8 బిట్ ఫైల్లో చానెల్‌కి ఒక బైట్, అంటే ఒక్క లేయర్ 72 ఎంబీ. అదే 16 బిట్ అయితే 144 ఎంబీ. దాన్ని డూప్లికేట్ చేసి ఒకటి స్కిన్‌కి, ఒకటి షార్పెనింగ్‌కి, ఇంకోటి కలర్‌కి అనుకుంటూ పది పిక్సెల్ లేయర్లు చేశారంటే 1.4 జీబీ దాటేసింది, హిస్టరీ ఇంకా లెక్కలోకే రాలేదు. ఫొటోషాప్ మామూలుగా 50 హిస్టరీ స్టేట్స్ గుర్తుపెట్టుకుంటుంది, చిన్న బ్రష్ స్ట్రోక్ అయితే మారిన ముక్క వరకే దాచుకుంటుంది గానీ ఇమేజ్ మొత్తం మీద ఫిల్టర్ వేస్తే మొత్తం దాచుకోవాల్సిందే. ఇలాంటి ఫైళ్లు రెండు మూడు ఒకేసారి తెరిచి ఉంచడం మనందరికీ అలవాటే కదా, ర్యామ్ ఎక్కడికి పోతోందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

లోగోలు, ఐకాన్లు, వెక్టర్ పనే ఎక్కువ చేసేవాళ్లకి ఈ బాధ లేదు. వాళ్లకి ఒక మామూలు ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద డేటా దాచే డ్రైవ్) చాలు, కింద బ్యాకప్ గురించి చెప్పే భాగం మాత్రం తప్పకుండా చదవండి.

స్క్రాచ్ డిస్క్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను

ఎందుకంటే ఎక్కువమంది తప్పు సెట్ చేసుకునేది ఇదే. ర్యామ్ నిండిపోయినప్పుడు ఫొటోషాప్ మిగతా డేటాని డ్రైవ్ మీద ఒక టెంపరరీ ఫైల్‌లో పెట్టుకుంటుంది, దాన్నే స్క్రాచ్ అంటారు. బల్ల మీద చోటు చాలక కాగితాలు కింద నేల మీద పరుచుకుని పని చేసినట్టు, పని ఆగదు గానీ ప్రతిదానికీ వంగాలి.

మీకు స్క్రాచ్ ఎంత వాడుతోందో ఊహించక్కర్లేదు, చూడొచ్చు. డాక్యుమెంట్ విండో కింద ఉన్న స్టేటస్ బార్‌లో చిన్న బాణం గుర్తు నొక్కి ఎఫిషియెన్సీ అనేది సెలెక్ట్ చేయండి. ఇప్పుడు మీరు చేసే పనుల్లో అన్నిటికంటే బరువైన ఫైల్ తెరిచి ఒక అరగంట మామూలుగా పని చేసుకోండి, మధ్యమధ్యలో ఆ నంబర్ వైపు చూస్తూ ఉండండి. 100 శాతం దగ్గరే ఉంటే ర్యామ్ సరిపోతోంది, స్క్రాచ్ గురించి దిగులే లేదు, మీరు ఇంకా ఖరీదైన డ్రైవ్ కొన్నా ఆ పనిలో తేడా కనపడదు. అది పడిపోయి కిందే ఉండిపోతోందంటే మాత్రం స్క్రాచ్ మీద బండి లాగుతున్నారని అర్థం, అప్పుడు మొదట కొనాల్సింది ర్యామ్, డ్రైవ్ తర్వాత. ఎంత ఫాస్ట్ ఎన్‌వీఎంఈ (ఎస్‌ఎస్‌డీల్లో అన్నిటికంటే వేగంగా నడిచే రకం) అయినా ర్యామ్‌తో పోటీ పడలేదు.

ఇక రెండో విషయం, ఒకే డ్రైవ్‌ని సీ, డీ అని రెండు పార్టిషన్లు చేసి స్క్రాచ్‌ని డీ కి మార్చేసి వేరే డ్రైవ్‌లో పెట్టాను అనుకునేవాళ్లు బోలెడుమంది. అక్షరం మారింది గానీ డ్రైవ్ అదే, దానివల్ల ఏమీ రాదు, హార్డ్ డిస్క్ అయితే ఇంకా నష్టం, హెడ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూ ఉండాలి. విడదీయాలంటే నిజంగా వేరే డ్రైవ్ ఉండాలి. లేదూ, ఒక్కటే మంచి ఎన్‌వీఎంఈ ఉందా, అయితే స్క్రాచ్ దాని మీదే వదిలేయండి, ఓ వంద జీబీ ఖాళీ ఎప్పుడూ ఉండేలా చూసుకోండి, పెద్ద ప్యానరమాలు, ప్రింట్ సైజు పోస్టర్లు చేసేవాళ్లు ఇంకా ఎక్కువ ఉంచుకోండి. స్క్రాచ్‌ని పాత హార్డ్ డిస్క్ మీదకి మార్చడం కంటే అదే వంద రెట్లు నయం.

ఎప్పుడైనా స్క్రాచ్ డిస్క్ నిండిపోయిందని ఫొటోషాప్ తెరుచుకోకుండా మొరాయిస్తే, విండోస్‌లో ప్రోగ్రామ్ ఓపెన్ అవుతుండగా కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కి పట్టుకోండి, మ్యాక్‌లో అయితే కమాండ్, ఆప్షన్ కలిపి. అప్పుడు స్క్రాచ్ ఏ డ్రైవ్ మీద పెట్టాలో అడుగుతుంది. ఇలస్ట్రేటర్‌లో కూడా ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్ సెట్టింగ్ ఉంది, జింప్, క్రిటా వాడేవాళ్లకి అదే స్వాప్ అనే పేరుతో కనపడుతుంది, పద్ధతి అంతా ఒకటే.

హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా, ఎన్‌వీఎంఈనా

7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ ఒకే పెద్ద ఫైల్‌ని వరసగా చదవాలంటే సెకనుకి 150 నుంచి 250 ఎంబీ దాకా ఇస్తుంది, అది మరీ తీసిపారేసే స్పీడ్ కాదు. దాని బలహీనత చిన్న చిన్న ఫైళ్ల దగ్గర బయటపడుతుంది. నిమిషానికి 7200 చుట్లు అంటే సెకనుకి 120, ఒక్క చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన డేటా హెడ్ కిందకి రావడానికి సగటున అర చుట్టు, పైగా హెడ్ అక్కడికి జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు, అన్నీ కలిపి ఒక్కో చోటుకి వెళ్లడానికి 12, 13 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకి ఓ 80 చోట్లకి వెళ్లగలదు, అంతే. లైట్‌రూమ్ వేల ప్రివ్యూలు గీకుతున్నప్పుడు, అడోబీ బ్రిడ్జ్‌లో ఫోల్డర్ తెరిచి థంబ్‌నెయిల్స్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు జరిగేది ఇదే. ఎస్‌ఎస్‌డీలో జరగాల్సిన హెడ్డే లేదు కాబట్టి మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ లాగే సాటా పోర్టుకి తగిలించే పాత రకం) కూడా ఇలాంటి రిక్వెస్టులు సెకనుకి వేలల్లో తీరుస్తుంది.

సాటా ఎస్‌ఎస్‌డీ స్పీడ్ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, కేబుల్ స్టాండర్డ్ అంతకంటే ఇవ్వదు. ఎన్‌వీఎంఈల్లో జెన్ అంటే తరం, జెన్ 3 అయితే 3500 ఎంబీ దాకా, జెన్ 4 అయితే 7000 దాకా, జెన్ 5 పదివేలు దాటిస్తుంది. ఈ నంబర్లు చూసి జెన్ 5 కి ఎగబడకండి. హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి మారితే జీవితం మారినట్టు ఉంటుంది, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే పెద్ద ఫైళ్ల దగ్గర తెలుస్తుంది, జెన్ 4 నుంచి జెన్ 5 కి మారితే స్టిల్ గ్రాఫిక్స్ పనిలో కళ్లకి కనపడే తేడా దాదాపు లేదు, వేడి మాత్రం ఎక్కువ. ఆ డబ్బుని ర్యామ్‌లో పెట్టడమే మంచిది అని నా గట్టి అభిప్రాయం.

ఇంకో సంగతి, ఫాస్ట్ డ్రైవ్ వేశాక కూడా పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత ఫైల్) సేవ్ నత్తనడక నడుస్తోందంటే తప్పు డ్రైవ్‌ది కాకపోవచ్చు. సేవ్ చేసేటప్పుడు ఫొటోషాప్ ఫైల్‌ని కంప్రెస్ చేస్తుంది, ఆ పని ప్రాసెసర్‌ది. ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్‌కి వెళ్లి పీఎస్‌డీ, పీఎస్‌బీ కంప్రెషన్ ఆపేసే ఆప్షన్ టిక్ పెట్టి చూడండి, సేవ్ బాగా ఫాస్ట్ అవుతుంది, బదులుగా ఫైల్ సైజు బాగా పెరుగుతుంది. చోటు ఉన్నవాళ్లకి ఇది మంచి బేరం. అయితే పీఎస్‌డీ ఫార్మాట్‌కి 2 జీబీ హద్దు ఉంది, అది దాటితే పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీగా సేవ్ చేసుకోవాలి.

కొనే ముందు స్పెక్ షీట్‌లో చూడాల్సినవి

ఎం.2 అనేది స్లాట్ ఆకారం పేరు, స్పీడ్ పేరు కాదు. అదే ఆకారంలో సాటా డ్రైవ్‌లూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈవీ ఉన్నాయి, పాత బోర్డుల్లో కొన్ని స్లాట్‌లు ఏదో ఒకదాన్నే తీసుకుంటాయి. మదర్‌బోర్డ్ మాన్యువల్ తెరిచి ఏ స్లాట్ ఏ రకం, ఏ జెన్ అని చూసుకోండి, అదే పేజీలో ఇంకో ముఖ్యమైన లైన్ ఉంటుంది, ఫలానా ఎం.2 స్లాట్ వాడితే ఫలానా సాటా పోర్టులు పనిచేయవు అని. చాలా బోర్డుల్లో ఈ షేరింగ్ ఉంటుంది, అది చూసుకోకుండా రెండో ఎన్‌వీఎంఈ బిగించి, హార్డ్ డిస్క్ మాయమైందని కంగారు పడేవాళ్లు చాలామంది.

టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అని కనపడుతుంది. టీఎల్‌సీలో ఒక సెల్‌లో 3 బిట్లు, క్యూఎల్‌సీలో 4, అందుకే క్యూఎల్‌సీ చవక, అందుకే రాయడంలో నెమ్మది. ఈ నెమ్మది మొదట్లో తెలీదు, డ్రైవ్‌లో కొంత భాగాన్ని ఫాస్ట్ క్యాష్‌లా వాడి కప్పిపెడుతుంది. కార్డ్ రీడర్ నుంచి చిన్న షూట్ కాపీ చేస్తే రాకెట్‌లా పోతుంది, అదే పాత డ్రైవ్ నుంచి 300 జీబీ ఫోల్డర్ ఒకేసారి కాపీ కొట్టండి, కొంతదూరం గ్రాఫ్ నిటారుగా ఉండి ఒక్కసారిగా కిందకి పడిపోతుంది, కొన్ని క్యూఎల్‌సీ డ్రైవ్‌లు అప్పుడు హార్డ్ డిస్క్ కంటే నెమ్మదిగా రాస్తాయి. డ్రైవ్ నిండేకొద్దీ ఆ క్యాష్ కూడా చిన్నదైపోతుంది. కాబట్టి వర్కింగ్ డ్రైవ్‌కి, స్క్రాచ్‌కి టీఎల్‌సీనే తీసుకోండి, రాజీ పడొద్దు. ఎక్కువగా చదివే పనికి, అంటే రిఫరెన్స్ ఇమేజీలు, టెక్స్చర్లు, స్టాక్ ఫొటోలు పెట్టుకునే డ్రైవ్‌కి క్యూఎల్‌సీ అయినా పర్వాలేదు. ఆయుష్షు గురించి మరీ భయపడక్కర్లేదు, ఒక టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌కి సాధారణంగా 600 టీబీ రాయొచ్చని రేటింగ్ ఇస్తారు, రోజుకి 100 జీబీ రాసినా 16 ఏళ్లు.

హార్డ్ డిస్క్ కొంటుంటే సీఎంఆర్ కావాలి, అంటే ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా విడివిడిగా ఉండే రకం. ఎస్‌ఎంఆర్ అనే రకంలో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి, అందుకని ఒక ట్రాక్ మార్చి రాయాలంటే పక్క ట్రాకులు కూడా మళ్లీ రాయాల్సి వస్తుంది, ఎక్కువసేపు రాస్తే స్పీడ్ దారుణంగా పడిపోతుంది. డబ్బా మీద రాసి ఉండకపోవచ్చు, కంపెనీ డేటాషీట్‌లో మోడల్ నంబర్‌తో వెతికితే దొరుకుతుంది. వారానికోసారి బ్యాకప్ పడేసే ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఎస్‌ఎంఆర్ అయినా నడిచిపోతుంది, రెయిడ్‌లో (రెండు, అంతకంటే ఎక్కువ డ్రైవ్‌లని ఒకటిగా కలిపి వాడే పద్ధతి, కింద చెప్తాను) మాత్రం అస్సలు పెట్టొద్దు.

మరి ఎన్ని డ్రైవ్‌లు, ఎలా పంచుకోవాలి

బడ్జెట్ బాగా తక్కువగా ఉంటే ఒక టీబీ టీఎల్‌సీ ఎన్‌వీఎంఈ ఒక్కటి, దానికి తోడు బ్యాకప్‌కి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. విండోస్, ప్రోగ్రామ్‌లు, స్క్రాచ్, నడుస్తున్న ప్రాజెక్టులు అన్నీ ఎన్‌వీఎంఈ మీదే. 500 జీబీ తీసుకుని సర్దుకుందాం అనుకుంటారు గానీ సిస్టమ్, అడోబీ ప్రోగ్రామ్‌లు, క్యాష్‌లు పోగా మిగిలేది చూస్తే నెల తిరక్కుండానే డిలీట్ చేసుకుంటూ కూర్చోవాలి.

నేనైతే ఎవరు అడిగినా చెప్పేది రెండు ఎన్‌వీఎంఈలు, ఒక హార్డ్ డిస్క్. మొదటి ఎన్‌వీఎంఈ 500 జీబీ లేదా ఒక టీబీ, సిస్టమ్‌కీ ప్రోగ్రామ్‌లకీ. రెండోది ఒకటి లేదా రెండు టీబీ, ఈ నెల నడుస్తున్న ప్రాజెక్టులు, ఫొటోషాప్ స్క్రాచ్, లైట్‌రూమ్ క్యాటలాగ్, కెమెరా రా క్యాష్ అన్నీ దాని మీద. హార్డ్ డిస్క్ 4 టీబీ లేదా ఆపైన, డెలివరీ అయిపోయిన పనులకి. సిస్టమ్ వేరుగా ఉంటే వచ్చే అసలు లాభం స్పీడ్ కంటే వేరే ఉంది, విండోస్ చెడిపోయి ఫార్మాట్ కొట్టాల్సి వచ్చినా ప్రాజెక్టులు ఇంకో డ్రైవ్‌లో క్షేమంగా ఉంటాయి, అర్ధరాత్రి డెడ్‌లైన్ ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

లైట్‌రూమ్ క్లాసిక్ వాళ్లకి ఒక మాట. వేల రా ఫైళ్లు అన్నీ ఎస్‌ఎస్‌డీ మీద పెట్టలేకపోతున్నాం అని బాధపడకండి, క్యాటలాగ్, ప్రివ్యూలు ఎస్‌ఎస్‌డీ మీద ఉంటే చాలు, రా ఫైళ్లు హార్డ్ డిస్క్ మీదున్నా గ్రిడ్‌లో స్క్రోల్ హాయిగా సాగుతుంది. స్మార్ట్ ప్రివ్యూలు కూడా చేసుకుంటే, అవి పొడుగు వైపు 2560 పిక్సెల్స్ ఉంటాయి, హార్డ్ డిస్క్ పీకేసి ఉన్నా డెవలప్‌లో ఎడిట్ చేసుకోవచ్చు. క్యాటలాగ్‌ని మాత్రం నెట్‌వర్క్ డ్రైవ్ మీద పెట్టాలని చూడకండి, తెరవదు.

ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ లేకపోతే ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ మీద పని చేసుకోవచ్చు, పోర్ట్ చూసుకోండి. 10 జీబీపీఎస్ యూఎస్‌బీ అయితే సెకనుకి దాదాపు 1000 ఎంబీ వస్తుంది, 5 జీబీపీఎస్ అయితే అందులో సగం కంటే తక్కువ, పొరపాటున యూఎస్‌బీ 2 పోర్టులోనో, ఛార్జింగ్‌కి ఇచ్చే టైప్ సీ కేబుల్‌తోనో పెట్టారంటే 40 ఎంబీ కూడా రాదు. విండోస్‌కీ మ్యాక్‌కీ మధ్య తిప్పే డ్రైవ్ అయితే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి.

రెయిడ్ కావాలా

ఒకప్పుడు హార్డ్ డిస్కులు తప్ప గతి లేని రోజుల్లో రెండింటిని రెయిడ్ 0 చేస్తే, అంటే డేటాని ముక్కలు చేసి రెండిటి మీదా పంచి రాస్తే, స్పీడ్ పెరిగేది, స్క్రాచ్‌కి అదే వాడేవాళ్లు. ఇప్పుడు ఒక్క ఎన్‌వీఎంఈ అంతకు పది రెట్లు ఇస్తుంటే దానికోసం రెయిడ్ 0 చెయ్యడంలో అర్థం లేదు, రెండిట్లో ఏది పోయినా మొత్తం పోతుంది. రెయిడ్ 1 అంటే రెండు డ్రైవ్‌ల మీదా ఒకటే డేటా, ఒకటి చచ్చినా పని ఆగదు, స్టూడియోల్లో రోజూ డెలివరీలు ఉన్నవాళ్లకి మంచిదే. కానీ దాన్ని బ్యాకప్ అనుకోవద్దు, దయచేసి. మీరు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండో డ్రైవ్‌లో కూడా ఆ క్షణమే డిలీట్ అవుతుంది, ఫైల్ కరప్ట్ అయితే రెండు చోట్లా కరప్టే, వైరస్ వచ్చి ఫైళ్లకి తాళం వేస్తే రెండు చోట్లా తాళమే.

బ్యాకప్, దీన్ని తర్వాత చూద్దాంలే అనొద్దు

డ్రైవ్‌లకి పెట్టే బడ్జెట్‌లో మొదట బ్యాకప్ డ్రైవ్ డబ్బులు పక్కన తీసిపెట్టి మిగిలినదాంతో స్పీడ్ కొనండి, వరస ఇదే. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇప్పటికీ దానికంటే తేలికైనది లేదు. డేటా మూడు కాపీలు, రెండు వేరు వేరు రకాల మీడియా మీద, ఒక కాపీ వేరే చోట. మన లెక్కలో పీసీలో ఉన్నది ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మీద ఒకటి, క్లౌడ్‌లోనో బంధువుల ఇంట్లోనో ఒకటి. ఎక్స్‌టర్నల్‌ని బ్యాకప్ అవ్వగానే పీకి పక్కన పెట్టండి, ఎప్పుడూ పీసీకి తగిలించి ఉంచితే కరెంట్ దెబ్బకైనా వైరస్‌కైనా అది కూడా బలవుతుంది. కార్డ్‌లో ఉన్న ఫొటోలు రెండు చోట్ల కాపీ అయ్యేదాకా కార్డ్ ఫార్మాట్ చెయ్యకండి.

పాత పనుల్ని ఎస్‌ఎస్‌డీలో నింపి బీరువాలో ఏళ్ల తరబడి దాచడం మంచిది కాదు. ఫ్లాష్‌లో డేటా అంటే సెల్స్‌లో నిలిచిన ఛార్జే, కరెంట్ లేకుండా ఎక్కువ కాలం పడి ఉంటే, అందులోనూ బాగా వాడి అరిగిన డ్రైవ్ అయితే, ఆ ఛార్జ్ మెల్లగా కారిపోతుంది. దాచడానికి హార్డ్ డిస్కే నయం, దాన్ని కూడా ఏడాదికి ఒకట్రెండు సార్లు తగిలించి కొన్ని ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో మనకి తెలీదు.

బిగించేటప్పుడు, బిగించాక

ఎం.2 హీట్‌సింక్ అడుగున థర్మల్ ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ ఉంటుంది, అది పీకేసి బిగించండి, ఉంచేస్తే వేడి బయటికి పోక డ్రైవ్ తన స్పీడ్ తనే తగ్గించుకుంటుంది. 2 టీబీ దాటిన డ్రైవ్‌ని జీపీటీగా (డ్రైవ్ మీద పార్టిషన్ల పట్టిక రాసుకునే కొత్త పద్ధతి) ఇనీషియలైజ్ చేయాలి, పాత పద్ధతి ఎంబీఆర్ పెడితే పైనున్న చోటు వాడుకోలేరు. ఒక టీబీ కొంటే విండోస్ 931 జీబీ చూపించిందని మోసపోయామనుకోకండి, కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే తేడా. ఎస్‌ఎస్‌డీలో 15, 20 శాతం ఖాళీ ఉంచండి, పాత డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు దాని మీద నడపకండి, విండోస్ తనంతట తనే దానికి కావాల్సిన ట్రిమ్ (డిలీట్ చేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని డ్రైవ్‌కి చెప్పే ఆదేశం) పంపుతుంది.

నెలకోసారి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత టూల్‌తో డ్రైవ్ ఆరోగ్యం చూడండి. హార్డ్ డిస్క్‌లో రీలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు సున్నా ఉండాలి, ఆ అంకె కనపడి నెలనెలా పెరుగుతోందంటే ఇంకేమీ ఆలోచించకుండా కొత్తది ఆర్డర్ పెట్టి డేటా తీసేసుకోండి. ఎస్‌ఎస్‌డీలో ఆయుష్షు ఎంత శాతం మిగిలిందో చూపిస్తుంది. కొత్త డ్రైవ్ అయినా ముందు పెద్ద ఫోల్డర్లు నింపి, తిరిగి చదివించి, ఒకట్రెండు వారాలు పని చేయించి చూశాకే పాత డ్రైవ్ ఖాళీ చేయండి, అప్పటిదాకా పాతదాన్ని అలాగే పక్కన ఉంచండి.